కొల్లేరు ప్రణాళికలో లంకవాసుల మాట ఏది?

కైకలూరు: కొల్లేరు బాగుకోసం ఇప్పటికి ఎన్నో పథకాలు వచ్చాయి. అయితే లంక గ్రామాల ప్రజలను ముందుగా అడిగి వేసిన పథకాలు అరుదు. ఒక ఉత్తర్వు చెరువులు తవ్విస్తే మరొక ఉత్తర్వు పూడ్పించింది. మధ్యలో నలిగిపోయింది వలను నమ్ముకున్న పేదవారే.

1970 దశకంలో మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చింది ప్రభుత్వమే. కాలక్రమాన వాటిలో చాలాభాగం కౌలు పేరిట డబ్బున్నవారి చేతుల్లోకి పోయాయి. 1999లో 5వ కాంటూరు వరకు, అనగా సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు వరకు, 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. జిరాయితీ భూములు సైతం ఈ హద్దులో చేరాయి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలపై చెరువు గట్లు తెగగొట్టారు. తరువాత అనేకచోట్ల గట్లు మళ్లీ లేచాయి.

హద్దును 3వ కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ సంఘం అందుకు సమ్మతించలేదు. వాదమంతా కాంటూరు చుట్టూనే తిరిగింది. సరస్సును ముందు ముందు ఎలా నడపాలన్న ప్రశ్న వెనకబడింది.

అభయారణ్యాలకు సలహా సంఘం ఉండాలని, పరిసర ప్రజల భాగస్వామ్యంపై అది సలహా ఇవ్వాలని వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణ చెబుతోంది. అందులో పంచాయతీరాజ్ ప్రతినిధులు ముగ్గురికి చోటుంది. మత్స్యకారులకు మాత్రం ప్రత్యేక స్థానం లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోను, అటవీ హక్కుల చట్టం వర్తించేచోట్లా గ్రామసభను సంప్రదించాలని 2022 సవరణ నిర్దేశించింది. కొల్లేరు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. అయినంత మాత్రాన ఇక్కడ గ్రామసభ పెట్టరాదని ఏ చట్టమూ అనలేదు.

ఏ కాలువ పూడింది, ఏ గట్టు నీటికి అడ్డం, కిక్కిస ఎక్కడ దట్టంగా పెరిగింది అన్న సంగతులు దోనెపై తిరిగేవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియవు. బుడమేరు, తమ్మిలేరు వరద కొల్లేటిలో చేరి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. దారి మూసుకుంటే ముందు మునిగేది లంకలే. ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకునే చోట జనం అలికిడి తగ్గాలన్నా ఊరివారి సాయం కావాలి.

అయితే సభ పట్టణంలో ఒక పూట జరిపి ముగిస్తే ప్రజల పేరిట వినపడేది పెద్ద కౌలుదారుల గొంతే. కనుక రాబోయే పదేళ్ల ప్రణాళిక ముసాయిదాను తెలుగులో అచ్చువేసి, లంక లంకకూ సభ పెట్టాలి. వచ్చిన అభ్యంతరాలకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. సంప్రదాయ వేటకు అభయారణ్యంలో అనుమతి ఉన్నది. ఆ హక్కు ఎక్కడ, ఏ నెలల్లో, ఏ వలలతో అన్నది ఈ సభల్లోనే తేలాలి.

అడిగి చేసిన కట్టడిని ఊరే కాపలా కాస్తుంది. అడగకుండా చేసిన దానికి ఎందరు కాపలాదారులున్నా చాలరు. అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసి ఉన్నది.