మిరప చేను పాడైతే కైకిలి నష్టం ఎవరు రాస్తారు?

ఓరుగల్లు ప్రాంతంలో మిరప అంటే మనుషుల చేతుల మీద నడిచే పంట. నారు పోసింది మొదలు ఎనుమాముల మార్కెట్టుకు బస్తా చేరేదాకా అడుగడుగునా కూలీల కష్టమే. ఏరుడు పని ఎక్కువగా ఆడవాళ్లది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఎన్నో కూలి ఇండ్లు ఆ పని మీదనే గడుస్తాయి.

ఇప్పుడు ఆ కాలమే కట్టు తప్పుతున్నది. 2022 జనవరిలో, కాయ ఏరే వేళ, నర్సంపేట, పరకాల వైపు రాళ్లవాన కొట్టింది. 2023 మార్చిలో మళ్లీ రాళ్లవానే. అదే ఏడు జూలై చివర, నారు పోసే రోజుల్లో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 64 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. 2025 అక్టోబరు చివర మోంథా తుపాను వరంగల్‌ను ముంచింది.

భూమి వేడెక్కుతున్నకొద్దీ గాలి ఎక్కువ తేమను మోస్తుంది. అందుకే కురిస్తే కుండపోత, లేకుంటే వారాల తరబడి ఎండ. నీళ్లు నిలిస్తే మిరప వేరు కుళ్లుతుంది. రాత్రిళ్లు చల్లబడకపోతే పూత రాలుతుంది. కల్లంలో తడిసిన కాయ రంగు పోయి తాలు కింద అమ్ముడవుతుంది.

2023 మార్చి నష్టానికి అప్పటి ప్రభుత్వం ఎకరానికి 10 వేల రూపాయలు ప్రకటించింది, కౌలు రైతులనూ ఆదుకోవాలన్నది. మంచిదే. కానీ ఎకరాల లెక్కలో కూలి మనిషి ఎక్కడున్నడు? చేను పోతే అతని పనిదినాలూ పోయినట్టే గదా!

ఇంకో మోసం చూడండి. కిలో లెక్కన ఏరేచోట కాయ పలచబడితే, పొద్దుగూకేదాకా వంగినా బస్తా నిండదు. అంతే కష్టం, సగం కూలి. వాన చేసిన నష్టం ఇట్లా కూలీ నెత్తిన పడుతుంది.

మిరప రైతూ అప్పుల్లో ఉన్నవాడే. అతనితో మనకు తగువు లేదు. మనం అడగవలసింది సర్కారును: పంట నష్టం రాసేటప్పుడు పోయిన పనిదినాలూ రాయాలి, వాటికి పరిహారం ఇవ్వాలి. కాయ పలచబడ్డ చేలల్లో రోజు కూలి ఇప్పించాలి, ఆ భారం చిన్న రైతు మీద వేయకుండా సర్కారే భరించాలి. కౌలుదారు పేరు రికార్డుకెక్కాలి.

ఊరూరా సంఘం ఒక నోటుబుక్కు పెట్టాలి. ఎవరికి, ఏ చేనులో, ఎన్ని రోజుల పని పోయిందో రాయాలి. అధికారులు నష్టం రాయడానికి వచ్చిన రోజు అందరం కలిసి ఆ పుస్తకం వాళ్ల ముందుంచాలి.