మేడమెట్ల దీపము

మేడమెట్ల మొదట ఒక స్విచ్చి, చివర ఒక స్విచ్చి ఉండును. దీపము ఒక్కటే. క్రింద వెలిగించి ఎక్కినవారు పైన ఆర్పవచ్చును. పైన వెలిగించి దిగినవారు క్రింద ఆర్పవచ్చును. ఈ వలయపు పటమును తప్పులేకుండ గీసిన విద్యార్థికే రెండు స్విచ్చులు, నాలుగు మూరల తీగ ఇచ్చి కలుపుమన్నచో చేతులాడవు. ఇది నేను ఏటేట చూచుచున్న సంగతి. ఇందు విద్యార్థి దోషము కొంచెమే. తీగను ముట్టనీయక పటము గీయించుట మన అలవాటు.

మొదట మామూలు స్విచ్చులతోనే ప్రయత్నింపనిండు. రెంటిని శ్రేణిలో కలిపినచో, క్రింది స్విచ్చి తెరచియున్నంతసేపు పైనున్నవాడు ఎన్ని మారులు నొక్కినను చీకటియే. సమాంతరముగా కలిపినచో ఒకరు వెలిగించినదానిని వేరొకరు ఆర్పలేరు. ఈ రెండు వైఫల్యములను కన్నులార చూచిన తరువాతనే మూడు కొనల స్విచ్చి అవసరము బోధపడును.

అంగళ్లలో దీనిని టూవే స్విచ్చి అందురు. ఇంటనే చేసికొనవచ్చును. చిన్న చెక్కపై మూడు మరమేకులను త్రిభుజాకారముగా దిగగొట్టి, డబ్బారేకు నుండి కత్తిరించిన సన్నని పట్టీని ఒక మేకు చుట్టు తిరుగునట్లు అమర్చవలెను. దాని రెండవ కొన తక్కిన రెండు మేకులలో ఒకదానిని మాత్రమే తాకవలెను. రేకుపై రంగును బాగుగ గీకివేయవలెను; చాలమంది బల్బులు వెలుగకపోవుటకు కారణమిదే.

ఇట్టివి రెండు చేసి, వాని ప్రక్కమేకులను రెండు తీగలతో కలుపుడు. 1.5 వోల్టుల టార్చి ఘటములు రెంటిని జోడించి, ధన ధ్రువమును ఒక స్విచ్చి తిరుగుడు మేకునకు కలుపుడు. రెండవ స్విచ్చి తిరుగుడు మేకు నుండి 2.5 వోల్టుల బల్బునకు, అచ్చటినుండి ఋణ ధ్రువమునకు తీగలు పోవును. పట్టీలు రెండును ఒకే తీగపై నున్నపుడు బల్బు వెలుగును, వేర్వేరు తీగలపై నున్నపుడు ఆరును. ఏ పట్టీని కదిపినను స్థితి మారక తప్పదు.

చురుకైన పిల్లలు వేరొక దారి కనిపెట్టుదురు. ప్రతి స్విచ్చి ప్రక్కమేకులకును ధన, ఋణ ధ్రువములను రెంటిని తెచ్చి, తిరుగుడు మేకుల నడుమ బల్బు నుంతురు. పట్టీలు భిన్న ధ్రువములపై నున్నచో వెలుగును. ఒకే ధ్రువముపై నున్నచో ఆరును. పని చక్కగా జరుగును! ఒక విద్యార్థిని మొదట ఇట్లు చేసి చూపినపుడు దోషమెక్కడనో నాకు వెంటనే తోచలేదు. ఇంతలో ఆమె పట్టీ కొంచెము వెడల్పైనందున, త్రిప్పునపుడు రెండు మేకులను ఒక్కసారి తాకెను. ఘటముల ధ్రువములు నేరుగ కలిసి, తీగ వేడెక్కి చేయి చురుక్కుమన్నది. మొదటి వలయములో అదే పట్టీ ఏ హానియు చేయదు.

మూడు వోల్టులు గనుక చురుక్కుతో పోయినది. ఇంటి విద్యుత్తు 230 వోల్టులు. ఈ ప్రయోగములు దానితో ఎన్నడును చేయరాదు. అచ్చట వేరొక అపాయము కూడ పొంచియున్నది. రెండు స్విచ్చులును ఫేజు తీగపై నున్నపుడు దీపము ఆరియే యుండును. హోల్డరు రెండు కొనలలోను విద్యుత్పీడనము ఉండును. ఆరినది గదా యని బల్బు మార్చబోవువానికి ఆ సంగతి తెలియదు. న్యూట్రల్ తీగలో స్విచ్చి పెట్టిన ఇంటిలోను ఇదే ముప్పు. అందుచేతనే స్విచ్చి ఫేజు తీగలో ఉండవలెను.

దీనిని ఘటములతోనే చూపవచ్చును. ధన ధ్రువమును ఫేజుగ భావించి, రెండవ బల్బు ఒక కొనను ఋణ ధ్రువమునకు కలిపి, రెండవ కొనను ఆరియున్న బల్బునకు తాకింపుడు. మొదటి వలయములో ఏమియు జరుగదు. విద్యార్థిని వలయములో, పట్టీలు రెండును ధన ధ్రువముపై నున్నపుడు, ఆరిన బల్బు ప్రక్కనే రెండవ బల్బు వెలుగును.