నిమ్మ వాసన వేరు, మత్తు వేరు

ఆమ్‌స్టర్‌డామ్‌లోని గ్రీన్ హౌస్ అనే విత్తనాల సంస్థ తయారుచేసిన సంకర గంజాయి రకం సూపర్ లెమన్ హేజ్. అక్కడి కెనబిస్ కప్ పోటీలో 2008లోనూ, మళ్లీ 2009లోనూ ఇదే గెలిచింది. దాంతో దీని పేరు యూరప్, అమెరికా, కెనడాలకు పాకింది. పూలగుత్తిని విరిస్తే చాలు, నిమ్మతొక్క గిల్లినట్టు వాసన గుప్పుమంటుంది. నిమ్మ అంటే మనకు షర్బత్, పులిహోర గుర్తొస్తాయి. అందుకే ఇదేదో తేలికపాటి సరుకు అన్న అపోహ కుర్రాళ్లలో సులువుగా పుడుతుంది. ఆ అపోహ పోవాలంటే వాసన ఎక్కణ్నుంచి వస్తుందో, మత్తు ఎక్కణ్నుంచి వస్తుందో విడివిడిగా తెలియాలి.

గంజాయి ఆడమొక్క పూలగుత్తిని భూతద్దం కింద చూస్తే, చిట్టి ఆకుల మీద సన్నని కాడలు, ఒక్కో కాడ చివర గాజుపూసలాంటి గుండ్రటి తల కనిపిస్తాయి. వీటిని ట్రైకోమ్‌లు అంటారు. ఆ పూస మొదట నీళ్లలా తేటగా ఉంటుంది. ముదిరేకొద్దీ పాలరంగుకు, ఆ తర్వాత తేనెరంగుకు తిరుగుతుంది. తాకితే వేళ్లకు జిగురు అంటుకుంటుంది. వాసననిచ్చే టెర్పీన్లూ, మత్తెక్కించే టీహెచ్‌సీ తొలిరూపమూ తయారయ్యేది ఆ పూసలోనే. పుట్టిన చోటు ఒకటే అయినా వాటి పని వేరు.

నిమ్మ వాసనలో పెద్ద వాటా లిమొనీన్‌ది. నారింజ తొక్కను దీపం దగ్గర నొక్కితే చిటపటమని మంట రేగుతుంది కదా, ఆ తొక్క నూనెలో తొంభై శాతానికి పైగా ఉండేది ఇదే. హేజ్ వంశపు మొక్కల్లో దీనికి టెర్పినొలీన్ తోడవుతుంది. మిరియాల్లోనూ లవంగాల్లోనూ దొరికే కారియోఫిలీన్ కూడా ఉంటుంది. అయితే లెక్క అంతటితో తేలలేదు. టెర్పీన్లు దాదాపు ఒకేలా ఉన్న రకాలు కూడా వేర్వేరు వాసనలు ఇస్తాయని, ఆ తేడాకు కారణం అతి స్వల్పంగా ఉండే, గంధకం కలిసినవాటిలాంటి ఇతర సమ్మేళనాలని 2023లో అమెరికా పరిశోధకులు తేల్చారు.

లిమొనీన్ ఇట్టే ఆవిరయ్యే గుణం గలది. నెలల తరబడి నిలవ ఉన్న గుత్తిలో నిమ్మ వాసన పోతుంది, టీహెచ్‌సీ మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది. కాబట్టి వాసన తగ్గితే మత్తు తగ్గిందనీ, కమ్మగా ఉంటే సురక్షితమనీ అనుకోవడం రెండూ పొరపాటే. ఈ రకంలో టీహెచ్‌సీ 20 శాతం పైనే ఉంటుందని అమ్మేవాళ్లే చెప్పుకుంటారు. కొత్తవాళ్లకు అది గుండెదడ, భయం, అనుమానాలు తెచ్చిపెట్టగల మోతాదు.

ఇక వంశం. దీని తల్లిదండ్రులు లెమన్ స్కంక్, సూపర్ సిల్వర్ హేజ్. హేజ్ మూలాలు కాలిఫోర్నియావి. 1970ల్లో కొలంబియా, మెక్సికో, థాయ్‌లాండ్, దక్షిణ భారత రకాలను కలిపి దాన్ని తీశారని పెంపకందార్లు చెబుతారు. ఇన్ని నేలల రక్తం కలిసినప్పుడు గింజ నుంచి వచ్చే మొక్కలన్నీ ఒక్కలా ఉండవు. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లే కాస్తుందన్న నమ్మకం లేనట్టే ఇదీ. ఒకే పొట్లంలోని గింజల్లో ఒకటి నిమ్మ వాసన కొడుతుంది, మరొకటి హేజ్ ఘాటు. పేరు చూసి సరుకు గుణం చెప్పలేమనడానికి ఇది మొదటి కారణం.

రెండోది, గంజాయిలో సెటైవా రకం అయితే హుషారు, ఇండికా రకం అయితే మగత అన్న ప్రచారానికీ గట్టి ఆధారం లేదు. భారతదేశపు మొక్కలను చూసి వృక్షశాస్త్రవేత్త లామార్క్ 1785లో ఇండికా అని పేరు పెట్టాడు. ఇప్పుడు దుకాణాల్లో అంటించే సెటైవా, ఇండికా చీటీలకూ మొక్కల జన్యువులకూ పొంతన సరిగా కుదరదని జన్యు పరీక్షల్లో బయటపడింది.

లిమొనీన్ మీద 2024లో వెలువడిన ఒక అధ్యయనం గురించి చెప్పాలి. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 20 మంది ఆరోగ్యవంతుల చేత టీహెచ్‌సీని కొన్నిసార్లు విడిగా, కొన్నిసార్లు లిమొనీన్ కలిపి పీల్పించారు. లిమొనీన్ మోతాదు పెరిగేకొద్దీ ఆందోళన, అనుమానం తగ్గాయి. మంచి ఆనవాలే. కానీ అది కొలిచి ఇచ్చిన శుద్ధ పదార్థం, పరీక్షించింది కొద్దిమందినే. నిమ్మ వాసన గంజాయి మందులా పనిచేస్తుందని దాన్నిబట్టి చెప్పడం తొందరపాటు.

ఇక చట్టం సంగతి. నెదర్లాండ్స్‌లో కాఫీ షాపులు మనిషికి 5 గ్రాముల వరకు అమ్మితే చూసీచూడనట్టు వదిలేస్తారు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద గంజాయి ఏ రకమైనా నేరమే. 20 కిలోలకు మించి పట్టుబడితే శిక్ష పదేళ్ల జైలుతో మొదలవుతుంది. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలూ ఒకటి గుర్తుంచుకోవాలి. మీరున్న రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం దృష్టిలో గంజాయి నియంత్రిత పదార్థమే, వీసా వ్యవహారాలు నడిచేది ఫెడరల్ చట్టంతోనే. వాడానని అధికారి ముందు ఒప్పుకున్నా వీసాకు చిక్కు రావచ్చు. దుకాణం తెరిచి ఉందని లోపలికి వెళ్లకండి.