పొర విడిచే పాముకు మేత పెట్టబాకండి

పోయిన నెల ఒక సాయంత్రం మా పక్కింటి పిల్లోడు గోడ మీద నుంచి తొంగిచూసి, "తాతా, పాము ఏమీ తినకపోతే ఎన్ని రోజులు బతుకుతుంది?" అని అడిగినాడు. ఎనిమిదో క్లాసు చదువుతాడు. పరీక్షకేమో అనుకుని, "నెల దాటి కూడా బతుకుతుంది పో" అనేసినాను. వాడు కదల్లేదు. "మరి కండ్లు తెల్లగా అయిపోతే?" అన్నాడు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఇది పుస్తకంలో ఉండే ప్రశ్న కాదు.

లేచి పోయి చూస్తే వాళ్ళ ఇంటి వెనక ప్లాస్టిక్ డ్రమ్ము, దాని మీద గోనెసంచి కట్టి, లోపల పాము. నాలుగడుగుల జెర్రిపోతు. కన్నడంలో కేరె హావు అంటారు. మా నరసాపురంలో హోండా వాళ్ళు, ఫోన్ల ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చినాక హైవే పక్కన చేను కనిపించడం తక్కువ. జేసీబీ పుట్టల్ని తవ్వేస్తే పాములు ఎక్కడికి పోతాయి? ఇండ్ల పక్కకే వస్తాయి. వీడు దాన్ని పట్టి పన్నెండు రోజులైందంట. మొదట్లో ఒక చిన్న ఎలుకను తినింది, తర్వాత మూతి తిప్పుకుంది. గిన్నెలో పాలు పోసినాడు, కోడిమాంసం ముక్క వేసినాడు. ఏదీ ముట్టలేదు. ఇంక రాత్రికి బోనులో పడిన ఎలుకను ప్రాణంతోనే డ్రమ్ములో వదలాలని సిద్ధంగా పెట్టుకున్నాడు.

ఆ బోను చూసేసరికి నా గుండె ఝల్లుమంది. ఎందుకంటే ఆ పని నేను చేసినాను.

మిల్లులో చేరక ముందు మాట. నాకు పదకొండేళ్ళు ఉంటాయి. మా నాయన రేష్మ పురుగులు మేపేవాడు. గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు ఎత్తుకుపోయేవాడు. అప్పుడు అదీ మన కోలారు జిల్లానే, 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా వేరైనాక అటు పోయింది. పురుగులకు ఎలుకలు పెద్ద శత్రువులు. రాత్రికి రాత్రి తట్టల్లో దూరి తినేసి పోతాయి. ఎలుకల్ని పాము తింటుంది కదా అని నేను రేష్మ తోటలో ఒక జెర్రిపోతును పట్టి, రాగులు పోసే పాత బానలో పెట్టి పైన గుడ్డ కట్టినాను. ఎవరికీ చెప్పలేదు. రెండు ఎలుకలు వేస్తే తినింది. నాకు ఎంత గర్వమో.

మూడో ఎలుక నాటికి పాము రంగు మాసిపోయింది. కండ్లు పాలు పోసినట్టు అయినాయి. ఆకలితో నీరసపడిందనుకుని బలమైన ఎలుకను చూసి వదిలినాను, గుడ్డ గట్టిగా బిగించినాను. తెల్లారి చూస్తే ఎలుక బాగానే ఉంది. పాము వీపు మీద రెండు చోట్ల మాంసం కనిపించేట్టు కొరికి పెట్టింది. కండ్లు కనపడని దాన్ని, పారిపోను దారి లేని చోట, ఎలుక చేతికి అప్పగించింది నేనే.

ఏడుస్తా పోయి నాయనకు చెప్పినాను. ఆయన కొట్టలేదు. బానలోకి చూసి, "పురుగు జ్వరానికి కూర్చుంటే ఆకు వేస్తావేమిరా?" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ మాట రేష్మ ఇండ్లలో పుట్టినోళ్ళకు వెంటనే అర్థమవుతుంది. మిగతావాళ్ళకు చెప్తాను. పట్టుపురుగు గూడు కట్టే లోపల నాలుగు సార్లు పొర విడుస్తుంది. దాన్నే మనం జ్వరం అంటాము, ఒకటో జ్వరం, రెండో జ్వరం అని లెక్క పెడతాము. జ్వరం వస్తే పురుగు మేత మానేసి, తల పైకెత్తి కదలకుండా నిలబడుతుంది. చిన్న పాము పడగ ఎత్తినట్టే ఉంటుంది. మొదటి మూడు జ్వరాలు దాదాపు ఒక రోజు, నాలుగోది ఇంకొంచెం ఎక్కువ. ఆ టైములో ఆకు వేయకూడదు, తట్ట కదిలించకూడదు. పడక ఆరడానికి సున్నం పొడి చల్లుతారు. దాదాపు అన్నీ పొర విడిచి లేచినాకే ఆకు. తొందరపడి వేస్తే ముందు లేచినవి తిని పెరుగుతాయి, వెనకవి చిన్నగానే ఉండిపోతాయి, పంటంతా ఎగుడుదిగుడు అవుతుంది.

పాము సంగతీ ఇంచుమించు అదే. పాత పొరకూ కొత్త పొరకూ మధ్య నీరు చేరుతుంది, దాంతో ఒళ్ళు మసకబారుతుంది. పాముకు రెప్పలుండవు. కంటి మీద అద్దం మాదిరి ఒక పొర ఉంటుంది, అదీ ఊడాల్సిందే కాబట్టి కన్ను నీలంగా, తెల్లగా మారుతుంది. ఒక వారం, రెండు వారాలు ఇట్లుంటుంది. పొర ఊడే ముందు కండ్లు మళ్ళీ తేటపడతాయి. అది చూసి అయిపోయిందనుకోకూడదు, పొర పూర్తిగా రావాలి. ఈ దినాల్లో కొన్ని పాములు తింటాయి, చాలావరకు తినవు. బలవంతంగా తినిపిస్తే కక్కేస్తాయి. ఎలుకను ప్రాణంతో వదిలితే ఏమవుతుందో నేను చూసినాను. పాలు అసలు పాము మేతే కాదు. పండక్కి ముందు పాములోళ్ళు దాన్ని దప్పికతో ఎండగడతారు, అందుకే పాలు పోస్తే నోరు పెడుతుంది.

ఒక్క చోట మాత్రం పురుగుకూ పాముకూ తేడా ఉంది. పురుగు పడక ఆరాలి, పాముకు తేమ కావాలి. ఇది మన మిల్లోళ్ళకు చెప్పనక్కర్లేదు. గాలిలో తేమ తగ్గితే రింగ్ ఫ్రేములో దారం ఎట్లా పుటపుట తెగుతుందో మనకు తెలుసు, అందుకే కదా పైనుంచి నీటి తుంపర వదిలేది. పాము పొర కూడా ఎండితే ముక్కలు ముక్కలుగా చినిగి అతుక్కుంటుంది. తోక కొనలో ఉంగరం మాదిరి మిగిలిపోతే రక్తం ఆడక ఆ కొన చచ్చిపోతుంది. అట్లని చేత్తో లాగకూడదు, కింద కొత్త పొర ఇంకా పచ్చిగా ఉంటుంది. ముఖ్యంగా కంటి దగ్గర చెయ్యి పెట్టనే కూడదు.

నా పామును నాయన ఆ సాయంత్రమే తోట గట్టు మీద పుట్ట దగ్గర వదిలినాడు. మెల్లగా పోయింది. గాయం ఉన్న చోట పొర సరిగ్గా ఊడిందో లేదో, బతికిందో లేదో. చాలా రోజులు ఆ గట్టు వెంబడి వెతికినాను.

పక్కింటోడికి ఇదంతా చెప్పి బోను తీసేయించినాను. ఇంకో మాటా చెప్పినాను. మన దేశపు పాముల్ని పట్టి ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అదీకాక జెర్రిపోతనుకుని నాగుపామును పట్టినోళ్ళు ఉన్నారు, రెండూ చూపుకు దగ్గరగా ఉంటాయి. వాళ్ళమ్మకు అప్పుడే తెలిసింది, ఆమె కేకలు నాకూ తగిలినాయి. ఫారెస్టోళ్ళకు ఫోన్ చేస్తే మూడో రోజు పొద్దున వస్తామన్నారు.

అంతవరకు డ్రమ్మును నీడకు జరిపి, లోపల ఒక మూల తడి గోనెపట్ట, గరుకు రాయి ఒకటి, వెడల్పు గిన్నెలో నీళ్ళు పెట్టించినాను, అదీ నేను పక్కన నిలబడి పొడుగు కట్టెతోనే. మేత ఏమీ లేదు. పిల్లోడు గంటకోసారి వచ్చి, "పాపం తాతా, ఏమీ తినలేదు" అనేవాడు. కండ్లు అప్పటికే తేటపడతా ఉన్నాయి. రెండో రాత్రి మూతిని రాయికి రుద్దుకుంటా ఉంటే టార్చి ఆర్పి పక్కకు వచ్చేసినాము. తెల్లారికి డ్రమ్ములో ఒక పక్క నిగనిగలాడే పాము, ఒక పక్క కొన దాకా చినగని పొర, కంటి అద్దాలు కూడా దాంట్లోనే.

ఫారెస్టాయన పామును సంచిలో వేసుకుని పోయినాడు. పొరను టేపుతో కొలిస్తే అయిదడుగులకు దగ్గరగా ఉంది. నాలుగడుగుల పాముకు ఇంత పొర ఎట్లా అని పిల్లోడికి ఆశ్చర్యం. నా సాక్సు విప్పి, లోపలి పక్క బయటికి తిప్పి లాగి చూపించినాను. పొలుసుల మడతలు విచ్చుకుంటాయి కాబట్టి సాగుతుంది.

బోనులో ఎలుక మాత్రం అట్లే మిగిలింది. దానికి వాడు మూడు రోజులూ చెనిక్కాయలు పెట్టినాడంట. ఇప్పుడు దీన్ని ఏం చేయాలని వాళ్ళమ్మ నన్నే అడుగుతా ఉంది.