మనసుకూ ఒక ప్రోగ్రెస్ కార్డు

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక తమ్ముడు దసరా సెలవుల్లో తండ్రి ప్రమాదంలో పోవడం కళ్ళారా చూసి హాస్టల్‌కు తిరిగొచ్చాడు. అల్లరి చేయలేదు, మార్కులూ తగ్గలేదు. అందరూ బుద్ధిమంతుడన్నారు. రాత్రిళ్ళు వరండా లైటు కింద కూర్చుంటే చదువుకుంటున్నాడని అనుకున్నాం. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.

ఇలాంటి దెబ్బనే మానసిక గాయం అంటారు. మరణం, హింస, ప్రమాదం కళ్ళముందు చూసిన పిల్లల్లో కొందరిని పీడకలలు వెంటాడతాయి. చదువు మీద ధ్యాస నిలవదు. వీరికి బడిలోనే సాయం చేయవచ్చా? చేస్తే, గుణం కనిపిస్తోందని తెలిసేదెలా?

అమెరికాలోని లాస్ ఏంజిలిస్ బడుల్లో హింసను చూసిన పిల్లల కోసం 'సీబిట్స్' అనే కార్యక్రమం నడిపారు. చిన్న చిన్న బృందాలతో పదిసార్లు కూర్చుంటారు. భయం వేసినప్పుడు కుదుటపడటం, జరిగినదాన్ని మెల్లగా చెప్పుకోగలగడం నేర్పుతారు.

ఫలితం కొలవడానికి 17 ప్రశ్నల పత్రం ఉంది. ప్రతి బాధకూ 'అసలు లేదు' అంటే 0, 'దాదాపు ఎప్పుడూ' అంటే 3. మొత్తం 51. ఈ పరీక్షలో మార్కులు తగ్గితేనే పాసైనట్టు! మొదట ఒకసారి, ముగిశాక మళ్ళీ అదే పత్రం ఇస్తారు.

2003లో వెలువడిన అధ్యయనంలో 126 మంది ఆరో తరగతి పిల్లలున్నారు. దాదాపు సగం మందికి ముందు, మిగతావారికి తర్వాత సాయం అందించారు. మొదట్లో రెండు వర్గాల సగటూ 24 దగ్గరే. మూడు నెలలకు సాయం అందినవారిది 8.9కి, ఎదురుచూస్తున్నవారిది 15.5కి తగ్గింది. అంటే కాలం కొంత మాన్పుతుంది, సాయం ఇంకా ఎక్కువ మాన్పుతుంది. పోల్చి చూస్తేనే ఈ తేడా తెలుస్తుంది.

అయితే తరగతిలో ప్రవర్తన గురించి ఉపాధ్యాయులను అడిగితే, రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. లోపలి బాధ పెరిగినా తగ్గినా బయటి కంటికి అందకపోవచ్చు. అందుకే పిల్లవాడినే అడగాలి.

ఆ పత్రం నింపించడం శిక్షణ పొందినవారి పని. జవాబులు నలుగురిలో చదవకూడదు. మనం చేయగలిగింది పక్క మంచం తమ్ముణ్ణి "నిద్ర పడుతోందా?" అని అడగడం, వారం తర్వాత మళ్ళీ అడగడం, వార్డెన్ సార్‌కు చెప్పడం. 2022లో మొదలైన టెలి-మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ రోజు వరండాలో మేము అడగలేదు. మీరు అడగండి.