భూమి ఒరుగు, శుక్రుని ఎదురుతిరుగుడు

నౌపడ ఉప్పుమళ్ళ గట్టుమీద నిలిచి ఏడాది పొడుగునా సూర్యోదయమును గమనించినచో, డిసెంబరు 22 ప్రాంతమున నడితూర్పునకు సుమారు 25 డిగ్రీలు దక్షిణముగా పొడిచిన సూర్యుడు, దినదినమును ఉత్తరమునకు జరుగుచు, జూన్ 21 నాటికి అంతే ఉత్తరముగా పొడుచుట కానవచ్చును. దీనికి కారకుడు సూర్యుడు కాడు; భూమి తన కక్ష్యాతలముపై నిటారుగా నిలువక, 23.4 డిగ్రీలు ఒరిగి, ఆ ఒరుగును ఏడాదంతయు ఒకే దిక్కునకు నిలుపుకొని తిరుగుటయే హేతువు. ఉప్పు పండించు వేసవియు ఆ ఒరుగు పెట్టిన భిక్షయే.

మన శ్రీకాకుళం జిల్లాలోనే దీనికి మహనీయమైన సాక్ష్యము కలదు. అరసవల్లి ఆలయమున, మబ్బులు లేనిచో, మార్చి 9, 10, 11 తేదీలలోను, అక్టోబరు 1, 2, 3 తేదీలలోను ఉదయకిరణములు గోపురము దాటి, అనివెట్టి మండపము నడుమగా సాగి, సూర్యనారాయణస్వామి పాదములను సోకును. మార్చి విషువమునకు పదిదినములు ముందును, సెప్టెంబరు విషువమునకు పదిదినములు పిమ్మటను సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు దాదాపు 4 డిగ్రీలు దక్షిణముననే ఉండుటచేత, రెండు కాలములందును వెలుగు ఒక్క త్రోవనే వచ్చును. ఆ స్థపతుల శిల్పకౌశలముకంటెను వారి ఆకాశపరిశీలనమే నాకు మిక్కిలి వందనీయముగా తోచును.

ఇతర గ్రహముల తీరు వేరు. బృహస్పతి 3 డిగ్రీలే ఒరుగుటచే అచ్చట ఋతుభేదము లేనట్లే. ఒరుగు 90 డిగ్రీలు దాటిన గ్రహము ఎదురు దిక్కునకు తిరిగినట్లు లెక్క. శుక్రుని ఒరుగు 177 డిగ్రీలు; అనగా దాదాపు తలక్రిందులు. (పంచాంగములోని వక్రగతితో దీనికి సంబంధము లేదు, అది మన కంటికి తోచు గమనము మాత్రమే.) శుక్రుడు ఇట్లు ఎదురు దిక్కుగా తన చుట్టు తాను తిరుగుటకు 243 దినములును, సూర్యుని చుట్టివచ్చుటకు 225 దినములును పట్టుటచేత, అచ్చట సూర్యుడు పడమట పొడిచి తూర్పున గ్రుంకును, ఉదయమునకును మరు ఉదయమునకును నడుమ మన లెక్కను 117 దినములు గడచును. దట్టమైన మేఘములు దూరదర్శినికి అందనీయని ఈ రహస్యమును 1960 దశకపు ఆరంభమున రాడార్ తరంగములు బయలుపరచినవి. పూర్వమొక మహాఘాతము దీనికి కారణమా, లేక ఆ బరువైన వాయుమండలపు ఆటుపోటులా అనుటలో శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయము లేదు. 1781లో హెర్షెల్ కనుగొన్న యురేనస్ 98 డిగ్రీలు ఒరిగి, పొర్లుదండములు పెట్టు భక్తునివలె 84 ఏండ్ల ప్రదక్షిణము సేయును; దాని ధ్రువములయందు 42 ఏండ్లు పగలు, 42 ఏండ్లు రాత్రి.

భూమి ఒరుగును కన్నులార చూడగోరు మన జిల్లావారు మే 14 ప్రాంతమున, ఉదయము 11 గంటల 50 నిమిషముల వేళ, తమ వాకిట ఒక కర్రను నిలువుగా పాతి చూడుడు. సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చుటచే దాని నీడ మొదటనే అణగిపోవును. జూలై 30 ప్రాంతమునను ఇట్లే జరుగును గాని, అప్పటి వానమబ్బులు తరచు కానరానీయవు. కావున పిల్లలకు మే మాసముననే చూపుడు.