షుగర్ బోర్డర్‌లో ఉన్నవాళ్లతో

"షుగర్ బోర్డర్‌లో ఉంది. కాస్త నడవండి, అన్నం తగ్గించండి." డాక్టరుగారి నోట ఈ మాట విని నా గదికి వచ్చేవాళ్ల ముఖాల్లో భయం కంటే ఊరటే ఎక్కువ కనిపిస్తుంది. ఇంకా రాలేదు కదా అని! నేను గుంటూరులో డైటీషియన్‌ని. పొద్దున ఇది, రాత్రి అది అని రాసిన చార్టు చేతిలో పెట్టి పంపేస్తానని అనుకుంటారు. నేను చార్టు ఇవ్వను. ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం ఎవరి చేతా ఏదీ మానిపించలేదు.

బోర్డర్ అంటే పరగడుపున షుగర్ 100 నుంచి 125 మధ్య, లేదా మూడు నెలల సగటు చెప్పే HbA1c 5.7 నుంచి 6.4 మధ్య ఉండటం. భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం 2023లో వేసిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. ఈ గట్టు మీద నిలబడినవాళ్లు ఇంకా ఎక్కువ, 13.6 కోట్లు.

వాళ్లలో ఒకరు మా వీధి చివరి కిరాణా కొట్టాయన. సగటు 6.1. "నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నారండీ?" అని అడిగితే, "ఏముందమ్మా, మామూలే. పొద్దున ఇడ్లీ, రెండు పూటలా అన్నం" అన్నాడు. టీలు ఆయన లెక్కలోకే రాలేదు. కొట్టుకొచ్చే సేల్స్ కుర్రాళ్లతో కలిసి రోజుకి ఆరు, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార. మధ్యాహ్నం పప్పుకి, పచ్చడికి, చారుకి, పెరుగుకి దేనికదే అన్నం. కూర మాత్రం పళ్లెం అంచున గరిటెడు.

"వీటిలో దేన్ని మార్చగలరు?" అన్నాను. అన్నం జోలికి మాత్రం రావద్దన్నాడు. టీలు మూడు చేసి, పంచదార ఒక చెంచాకి దించుతానన్నాడు. సరే అన్నాను. అసలు దొంగని వదిలేశావేం అని మా డాక్టరుగారే నన్ను దెప్పుతుంటారు. కానీ కొట్టాయన తను ఒప్పుకున్నది చేస్తాడు, నేను శాసించింది నా ఫైల్లో ఉంటుంది. రెండోసారి భార్యని కూడా తీసుకురమ్మన్నాను, వడ్డించేది ఆవిడే గనక. కూర రెట్టింపు చేసి అన్నం తగ్గించింది ఆవిడే. ఆయనకి చెప్పనైనా లేదు.

ఇక నడక. "టైం ఎక్కడిదమ్మా?" అన్నాడు. బండి ఇంట్లో వదిలేస్తే కొట్టుకి రానూ పోనూ నలభై నిమిషాలు. వారానికి నాలుగు రోజులు అలా వెళ్తే 160 నిమిషాలు. నడిచేటప్పుడు కండరాలు ఇన్సులిన్ కోసం అంతగా ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజుని లాగేసుకుంటాయి.

వారానికి కనీసం 150 నిమిషాలు నడవాలన్న లెక్క అమెరికాలో 3,234 మందితో చేసిన పరీక్షలోది. శిక్షకులు మొదటి 24 వారాల్లో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి 16 పాఠాలు చెప్పారు. బరువులో 7 శాతం తగ్గించడం లక్ష్యం. 2002లో వచ్చిన ఫలితం: అలవాట్లు మార్చుకున్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే.

మనవాళ్ల శరీరాలు వేరు కదా అంటారు. నిజమే. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. అలవాట్లు మార్పించినవాళ్లలో ఆ ముప్పు 28.5 శాతం తగ్గింది, అదీ బరువు పెద్దగా తగ్గకుండానే! తూకం ముల్లు కదల్లేదని నా దగ్గర ఏడ్చేవాళ్లకి ముందు ఈ సంగతే చెబుతాను. అదే బృందం ఉద్యోగాలు చేసే 537 మంది మగవాళ్లలో కొందరి ఫోన్లకి రెండేళ్లు మెసేజ్‌లు పంపి గుర్తు చేస్తూ వచ్చింది. మెసేజ్‌లు అందనివాళ్లతో పోలిస్తే వీళ్లలో షుగర్ ముప్పు 36 శాతం తగ్గింది.

అన్నిచోట్లా ఇలా జరగలేదు. కేరళలో ఊరివాళ్లకే తర్ఫీదు ఇచ్చి, వాళ్లచేత గుంపులుగా పాఠాలు చెప్పిస్తూ 1,007 మందితో చేసిన ప్రయత్నంలో పళ్లు, కూరగాయలు తినడం పెరిగింది, తాగుడు తగ్గింది. షుగర్ రావడం తగ్గిందని గట్టిగా చెప్పేంత తేడా మాత్రం రాలేదు. గుంపులో విన్నది ఇంటిదాకా రావాలంటే ఎవరి పళ్లెం గురించి వాళ్లతో విడిగా మాట్లాడాలి. నా అనుభవం ఇంతే చెబుతోంది.

నడుము చుట్టుకొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే వెంటనే పరీక్ష చేయించుకోండి. ముప్పై నిండినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ పరీక్ష ఉచితం. బోర్డర్ అని తేలితే డైటీషియనో, నర్సో, మీ ఇంట్లో మొహమాటం లేని కోడలో, ప్రతి వారం "ఈ వారం ఎన్ని రోజులు నడిచారు?" అని అడిగే మనిషిని ఒకరిని పెట్టుకోండి.